సోరియాసిస్ అనుమానంతో చర్మం ముక్క తీయించుకుంటున్నారా? ముందూ వెనకా చూసుకోవాల్సినవి

మా శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు ఒంటి మీద మచ్చ లేస్తే మొదట వెళ్లేది డాక్టరు దగ్గరికి కాదు, మందుల షాపుకి. "తామర ట్యూబు ఒకటియ్యి బాబూ" అంటాం, అతను ఇస్తాడు. నేనూ అలాగే ఎనిమిది నెలలు రాశాను. రాసినన్నాళ్లూ ఎరుపు తగ్గేది, మానేసిన వారానికి రెట్టింపై లేచేది. చివరికి చర్మం డాక్టరు చూసి, "సోరియాసిస్ లాగే ఉంది, కానీ ఈ ట్యూబుల వల్ల మచ్చ రూపం చెడిపోయింది. చిన్న ముక్క తీసి పంపిద్దాం" అన్నారు. తీశారు. ముందురోజు రాత్రి కూడా ఆ ట్యూబు రాసుకునే పడుకున్నానా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వారం తర్వాత రిపోర్టులో వచ్చిన మాట 'నాన్ స్పెసిఫిక్'. అంటే ఏదీ తేల్చి చెప్పలేం అని. కుట్టు వృథా, డబ్బు వృథా. మూడు వారాలు ఏ మందూ రాయకుండా ఆగి, రెండోసారి వేరే చోట తీయించుకుంటే అప్పుడు తేలింది.

బయాప్సీ, అంటే ముక్క తీసి చేసే పరీక్ష అనగానే అంతా డాక్టరు చేతిలో, ల్యాబు చేతిలో ఉందనుకుంటాం. ముక్క తీసిన చోటు సరైనదా, ఆ చోట మందు ప్రభావం లేకుండా ఉందా, ముక్కతో పాటు వెళ్లే చీటీలో మన సంగతి సరిగ్గా రాశారా, ఈ మూడింటి మీదే ఫలితం చాలావరకు నిలబడుతుంది. మూడింట్లోనూ మన పాత్ర ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. మీ డాక్టరు ఇందులో ఏదైనా వేరేగా చెబితే ఆయన మాటే వినండి. మిమ్మల్ని కళ్లతో చూసింది ఆయన, నేను కాదు.

అసలు మీకు ఈ పరీక్ష అవసరమా?

చాలామందికి అవసరం ఉండదు. మోచేతులు, మోకాళ్లు, నడుము కింది భాగం, తల, ఈ చోట్ల అంచు స్పష్టంగా కనిపించే ఎర్రటి మందపాటి మచ్చలు, వాటి మీద వెండిలా తెల్లటి పొలుసులు, గోళ్ల మీద గుండుసూదితో పొడిచినట్టు గుంటలు ఉంటే, అనుభవమున్న చర్మవైద్యులు చూసే చెప్పేస్తారు. పొలుసు మెల్లగా గీకితే కింద సూదిమొనంత రక్తపు చుక్కలు కనిపించడం కూడా ఒక గుర్తు. (ఇది ఇంట్లో మీరు ప్రయత్నించకండి. గీకిన చోట, దెబ్బ తగిలిన చోట కొత్త మచ్చ లేవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి.)

చూపుతో తేలనప్పుడే ముక్క అడుగుతారు. సోరియాసిస్‌లా కనిపించేవి చాలా ఉన్నాయి. మొదటిది తామర. మన తీరంలో ఉక్కపోత, చెమట, తడి బట్టలు కలిసి తామరకు కొదవ లేదు. దాని మీద స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తే గుండ్రటి అంచు చెరిగిపోయి, ఏమిటో తెలియని మచ్చగా మారుతుంది. రెండోది ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి దురదపెట్టి పగిలే జబ్బు. పలాస, కాశీబుగ్గ వైపు జీడిపిక్కలు కొట్టే పనిలో ఉన్నవాళ్ల అరచేతులు, వేళ్లు జీడి నూనె తగిలి కాలి, పగిలి, పొలుసులు లేచి ఉంటాయి. అరచేతులకు వచ్చే సోరియాసిస్ కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. మీరు ఆ పని చేస్తుంటే డాక్టరు అడగకపోయినా చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆలోచన దారి మారుతుంది.

ఇక కుష్ఠు భయం. సాలూరు ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి పేరు వినని పెద్దవాళ్లు విజయనగరం వైపు తక్కువ. అందుకే మచ్చ కనపడగానే ఇంట్లో ముసలివాళ్లు గుసగుసలాడతారు. కుష్ఠు మచ్చ మీద సాధారణంగా స్పర్శ తగ్గుతుంది, సోరియాసిస్ మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది, చాలామందికి దురద కూడా ఉంటుంది. డాక్టరు దూదితో తాకి చూసేది అందుకే. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. కంచం వేరు, పక్క వేరు చేయాల్సిన పని అసలే లేదు. ఈ మాట మీ అత్తగారికో పొరుగువారికో నాలుగుసార్లు చెప్పాల్సి వస్తుంది, చెప్పండి.

ఇవి కాక లైకెన్ ప్లానస్, లూపస్ లాంటి వేరే జబ్బులు ఉన్నాయి. అరుదుగా చర్మంలో మొదలయ్యే ఒక రకం లింఫోమా (క్యాన్సర్) కూడా ఏళ్ల తరబడి సోరియాసిస్ వేషంలో తిరుగుతుంది. ఎన్నాళ్లు మందు వాడినా మచ్చలు లొంగకపోతే డాక్టరు ముక్క తీద్దామనడానికి అదొక కారణం. సిఫిలిస్ అనే సుఖవ్యాధి రెండో దశ మచ్చలు కూడా ఇలాగే ఉండవచ్చు. కాబట్టి రక్తపరీక్షల చీటీలో వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ పరీక్ష) అని రాస్తే ముఖం మాడ్చుకోకండి. మీ నడవడిని అనుమానించి రాసింది కాదు అది.

ముక్క దాకా వెళ్లే ముందు ఒక మాట అడగండి: "పొలుసు గీకి ఫంగస్ పరీక్ష చేస్తే సరిపోతుందా సార్?" పొలుసును కేఓహెచ్ ద్రావణంలో వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. సూది లేదు, కుట్టు లేదు. తామర అయితే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

ఎక్కడికి వెళ్లాలి

శ్రీకాకుళంలో రిమ్స్ అని మనమంతా పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విజయనగరంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, రెండూ మెడికల్ కాలేజీలకు అనుబంధం. ప్రైవేటులో నెల్లిమర్ల మిమ్స్, రాగోలు జెమ్స్ కూడా వైద్య కళాశాలలే. అక్కడా తేలకపోతే విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉండనే ఉంది. చర్మం విభాగాన్ని డీవీఎల్ అంటారు. బోర్డు మీద చర్మ, సుఖవ్యాధులు, కుష్ఠు అని మూడూ కలిపి ఉండటం చూసి గుమ్మంలోనుంచే వెనక్కి తిరిగే మొహమాటస్తులు ఉన్నారు. మూడూ ఒకే విభాగం కిందికి వస్తాయి, అంతే. లోపలికి వెళ్లండి. ప్రైవేటు క్లినిక్ అయితే ముక్క తీసినందుకు ఒక ఖర్చు, ల్యాబులో చదివినందుకు ఇంకో ఖర్చు ఉంటాయి. రెండూ కలిపి ఎంతో ముందే అడగండి.

తీసే రోజుకు కొన్ని వారాల ముందు

నేను తప్పు చేసింది ఇక్కడే. స్టెరాయిడ్ పూత చర్మంలో జరుగుతున్న గొడవను అణచిపెడుతుంది. గొడవ అణిగాక తీసిన ముక్కలో పెథాలజిస్టుకు, అంటే ల్యాబులో దాన్ని మైక్రోస్కోపు కింద చూసే డాక్టరుకు, ఏం కనిపిస్తుంది? అందుకని ముక్క తీయబోయే మచ్చ మీద స్టెరాయిడ్ రాయడం సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల ముందే ఆపమంటారు. ఎన్నాళ్లన్నది మీ డాక్టరును అడిగి తేదీ రాయించుకోండి.

మీరు వాడేది స్టెరాయిడో కాదో ఎలా తెలుస్తుంది? ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి, లేదా ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్, ఈ మూడింట్లో ఏది కనిపించినా అది స్టెరాయిడే. తామరకని అమ్మే కలగలుపు ట్యూబుల్లో చాలావాటిలో వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. వాడిన ట్యూబులు, ఖాళీవైనా సరే, ఒక క్యారీబ్యాగులో వేసి డాక్టరు ముందు పెట్టండి. పేరు గుర్తులేక "పసుపుపచ్చ డబ్బా సార్" అనడం కంటే అది నయం.

పసరు మందు, బూడిద, ఊళ్లో ఇచ్చే పొట్లాలు వాడినా దాచకండి. కొన్ని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. డాక్టరు తిడతారేమోనని దాస్తే నష్టం మీకే.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నా, ఇంజెక్షన్లు వేయించుకుంటున్నా వాటిని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. సోరియాసిస్ ఉన్నవాళ్లు హఠాత్తుగా ఆపితే ఒళ్లంతా ఎర్రబడటం, చీముపొక్కులు లేవడం జరగవచ్చు. అప్పుడు ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. పూత ఆపడం వేరు, మాత్ర ఆపడం వేరు.

మందు ఆపిన రోజుల్లో మచ్చలు విజృంభిస్తాయి. దురదకు నిద్ర పట్టదు. ఉత్త కొబ్బరినూనెతోనో వాజిలీన్‌తోనో నెట్టుకురావచ్చేమో అడగండి, నేను అలాగే గడిపాను. మచ్చ బాగా లేచిన రోజున పగటి వెలుగులో ఫోన్లో ఫోటోలు తీసుకోండి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి. అపాయింట్‌మెంటు రోజుకి మచ్చ తగ్గిపోయినా ఆ ఫోటోలు పనికొస్తాయి.

మా అమ్మ ఆ మూడు వారాల్లో ఒక ఆదివారం నన్ను అరసవల్లి తీసుకెళ్లింది. చర్మం జబ్బులకు సూర్యనారాయణమూర్తికి మొక్కుకోవడం మన దగ్గర తరతరాల అలవాటు. నేను కాదనలేదు. తర్వాత డాక్టరుతో ఆ మాట అంటే ఆయన నవ్వి, సోరియాసిస్‌కు నేరోబ్యాండ్ యూవీబీ అని కాంతి చికిత్సే ఉందని, సూర్యకాంతిలో ఉండే ఒక కిరణాన్నే యంత్రంతో కొలిచి ఇస్తారని చెప్పారు. అమ్మ అది విని ఎంత సంబరపడిందో!

ఏ మచ్చ నుంచి తీయాలి

నిర్ణయం డాక్టరుదే. అయితే మీ ఒంటి మీద ఏ మచ్చ ఎప్పుడు లేచిందో మీకు తెలిసినంతగా ఆయనకు తెలియదు. బాగా ఎదిగిన, ఎర్రగా పొలుసుతో ఉన్న, మందు తగలని, గోకి పుండు చేయని మచ్చ మంచిది. మోచేయి, మోకాలి చిప్పల మీద చర్మం ఎప్పుడూ రాపిడికి గురై మందంగా ఉంటుంది, అక్కడ కనిపించేది రాపిడిదో జబ్బుదో తేల్చడం కష్టం. మోకాలి కింద కుట్టు మానడం ఆలస్యం, షుగరున్నవాళ్లకు మరీను. వీపు, నడుము, జబ్బ, తొడ వీలైన చోట్లు. "సార్, ఈ నడుము మీదది నెల కింద లేచింది, దీనికి ఏమీ రాయలేదు" అని వేలు పెట్టి చూపించండి. కొన్నిసార్లు రెండు చోట్ల తీద్దామంటారు. భయపడకండి, ఒకదాంట్లో తేలనిది ఇంకోదాంట్లో తేలవచ్చని.

ఆ రోజు

తినే వెళ్లండి. ఆపరేషన్ అనుకుని పచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా బస్సెక్కి, సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ఉంటారు. దీనికి పస్తు అక్కర్లేదు. వదులు బట్టలు వేసుకోండి, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.

సూది వేయకముందే చెప్పాల్సినవి: రక్తం పల్చబడే మందులు, అంటే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతున్నారా (చెప్పండి, కానీ సొంతంగా ఆపకండి), షుగరుందా, పళ్ల డాక్టరు దగ్గర మత్తు సూది పడలేదా, గాయం మానాక మచ్చ ఉబ్బే తత్వమా, పేస్‌మేకర్ ఉందా, గర్భమా. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లయితే కిడ్నీ సంగతి కూడా చెప్పండి. క్రియాటినిన్ రిపోర్టు ఉంటే జేబులో పెట్టుకుని వెళ్లండి. ఇప్పుడు నొప్పి మాత్ర రాయడానికే కాదు, రేపు సోరియాసిస్ అని తేలితే మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ లాంటి మందుల విషయంలో కూడా కిడ్నీ సంగతి చూసే అడుగు వేస్తారు.

సంతకం పెట్టించుకుంటారు, చదివి పెట్టండి. బల్ల మీద పడుకోబెట్టి, మచ్చ చుట్టూ పెన్నుతో గీసి, తుడిచి, లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ చేస్తారు. నిజం చెప్పాలంటే నొప్పంతా ఆ సూదిదే. పది సెకన్లు చురుక్కుమని మండి, ఆ తర్వాత మొద్దుబారుతుంది. నొక్కుతున్నట్టు తెలుస్తుంది గాని నొప్పి ఉండదు, ఉంటే వెంటనే చెప్పండి, ఇంకాస్త మందు వేస్తారు. పంచ్ అనే పరికరం పెన్నులా ఉంటుంది, దాని కొస గుండ్రటి కత్తి. చర్మంలోకి తిప్పుతూ దించి, కింది కొవ్వు పొర దాకా ఉన్న చిన్న స్తంభం లాంటి ముక్కను బయటికి తీస్తారు. మామూలుగా 4 మిల్లీమీటర్ల వెడల్పు. పెసరగింజంత. ఒకటో రెండో కుట్లు, పైన ప్లాస్టరు. మొత్తం పావుగంట, ఇరవై నిమిషాలు.

పక్క బల్ల మీది ముసలమ్మ ఒకావిడ నర్సును పట్టుకుని, "ఏటి తల్లీ, ముక్క తీస్తే కేన్సరేటి? తీస్తే పాకిపోద్దంట కదా?" అని అడగడం విన్నాను. చాలామంది గుండెల్లో ఉండే మాటే ఆవిడ పైకి అంది. చర్మం జబ్బుల్లో ముక్క తీసేది ఎక్కువగా ఇది ఏ జబ్బో తెలుసుకోవడానికే. ముక్క తీసినందువల్ల సోరియాసిస్ క్యాన్సర్‌గా మారదు.

సీసా, చీటీ: ఎవరూ పట్టించుకోని భాగం

తీసిన ముక్కను ఫార్మలిన్ (ముక్క చెడిపోకుండా ఉంచే ద్రవం) ఉన్న సీసాలో వేస్తారు. నీళ్లలో, స్పిరిటులో, సెలైన్‌లో వేసి ఇంటికి పంపితే ముక్క పాడవుతుంది. చిన్న ఊళ్లలో ఆ సీసాను మన చేతికే ఇచ్చి ల్యాబులో ఇమ్మంటారు. అప్పుడు మూత గట్టిగా ఉందో లేదో చూడండి. ముక్క ద్రవంలో పూర్తిగా మునిగి ఉండాలి. ద్రవం ముక్కకు కనీసం పదింతలు ఉండాలన్నది లెక్క. మీ పేరు, వయసు, తేదీ, ముక్క తీసిన చోటు సీసా ఒంటి మీద రాసి ఉండాలి, మూత మీద కాదు. మూతలు తారుమారవుతాయి. ఫ్రిజ్‌లో గాని ఐసులో గాని పెట్టకండి. ఆర్టీసీ బస్సులో ఒడిలో పెట్టుకుని ఎండలో మూడు ఊళ్లు తిరగకుండా, అదే రోజు ఇచ్చేయండి. ఫార్మలిన్ చేతి మీద ఒలికితే సబ్బుతో కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి.

ఇక చీటీ. పెథాలజిస్టు మీ మొహం చూడరు, మీ వీపు చూడరు. ఆయనకు దొరికేది పెసరగింజంత చర్మం, ఒక కాగితం. ఆ కాగితంలో 'చర్మం ముక్క, బయాప్సీ' అని మాత్రమే రాసి ఉంటే ఆయన కళ్లకు గంతలు కట్టి ఏనుగును తడమమన్నట్టే. మచ్చలు ఎన్నాళ్లుగా ఉన్నాయి, ఎక్కడెక్కడ, ఏ మందులు ఎప్పటిదాకా వాడారు, డాక్టరుకు ఉన్న అనుమానాలు ఏమిటి, ఇవి ఉండాలి. "సార్, స్టెరాయిడ్ ఎప్పుడు ఆపానో చీటీలో రాస్తారా?" అని మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. నా రెండో చీటీలో ఆ వాక్యం ఉంది, మొదటి చీటీలో లేదు.

ఇంటికొచ్చాక

మొదటి రోజు కట్టు తడవనివ్వకండి. రక్తం ఊరితే శుభ్రమైన గుడ్డతో పది, పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోండి. మధ్యలో ఎత్తి చూడటమే చేసే తప్పు, ఎత్తిన ప్రతిసారీ గడ్డ కట్టింది ఊడుతుంది. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. తర్వాత రోజూ మెల్లగా కడిగి, డాక్టరు చెప్పిన పూత రాసి కొత్త ప్లాస్టరు వేసుకోవాలి. పసుపు, కాఫీపొడి, సున్నం ఏదీ కుట్టు మీద పెట్టకండి. చెరువు స్నానం, సముద్రంలో దిగడం, ఊడ్పుల బురదలో దిగడం కుట్టు విప్పేదాకా వద్దు. పొలం పనుల రోజులైతే డాక్టరుకు ముందే చెప్పి తేదీ మార్చుకోవడం మేలు.

నొప్పికి సాధారణంగా పారాసెటమాల్ చాలు. షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు మంచివి కావు, ఉద్దానంలో ఈ మాట రెండుసార్లు చెప్పినా తప్పు లేదు. ఎరుపు పాకుతూ పోవడం, చీము, జ్వరం కనిపిస్తే ఆగకుండా చూపించండి. కుట్లు వీపు, చేతుల మీదైతే పది నుంచి పద్నాలుగు రోజులకు విప్పుతారు. ముఖం మీదైతే వారం లోపే. కుట్టు వేసిన గాటు మీదే కొత్తగా సోరియాసిస్ మచ్చ లేచిన వాళ్లున్నారు. దెబ్బ తగిలిన చోట ఈ జబ్బు అలాగే చేస్తుంది, కుట్టు తప్పు కాదు.

రిపోర్టు వచ్చాక

వారం, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ముక్కను మైనంలో బిగించి, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పల్చగా కోసి, రంగులద్ది చూడాలి మరి.

మామూలు చర్మం కింద పొరలో పుట్టిన కణం పైకి చేరి రాలడానికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్‌లో ఆ ప్రయాణం మూడు నుంచి ఐదు రోజుల్లో అయిపోతుంది. పచ్చి ఇటుకలతో గోడ కట్టినట్టు. రిపోర్టులో కనిపించే మాటలన్నీ ఈ తొందర ఆనవాళ్లే. 'పారాకెరటోసిస్' అంటే పై పొర కణాల్లో ఇంకా కేంద్రకాలు మిగిలి ఉన్నాయని, పండకముందే పైకి వచ్చాయని. గ్రాన్యులర్ పొర (పై పొరకు సరిగ్గా కింద ఉండేది) పల్చబడిందనో, అసలు లేదనో ఉంటుంది. 'ఎకాంథోసిస్', 'రీట్ రిడ్జెస్' అంటే పై చర్మం వేళ్లలా కిందికి సమానంగా పొడుగు సాగిందని. ఆ వేళ్ల మధ్య రక్తనాళాలు ఉబ్బి పైకి దగ్గరగా ఉంటాయి, పొలుసు గీకితే రక్తపు చుక్కలు వచ్చేది అందుకే. 'మన్రో మైక్రోయాబ్సెస్' అనే మాట చూసి కంగారుపడకండి. పై పొరలో తెల్లరక్తకణాలు చిన్న గుంపులుగా చేరడం అది, సోరియాసిస్‌కు గట్టి సాక్ష్యం. (ఈ మన్రో మన పాఠాల్లోని థామస్ మన్రో దొర కాదు, ఆస్ట్రేలియా చర్మవైద్యుడు.) 'పీఏఎస్ నెగెటివ్' అని ఉంటే ప్రత్యేక రంగు వేసి వెతికినా ఫంగస్ కనిపించలేదని.

చివర్లో 'కన్సిస్టెంట్ విత్ సోరియాసిస్' అంటే జబ్బు రూపానికి సరిపోయిందని. 'సోరియాసిఫార్మ్ డెర్మటైటిస్' అంటే మాత్రం తొందరపడి ఖాయం చేసుకోకండి. సోరియాసిస్‌ను పోలిన మార్పులు ఉన్నాయని మాత్రమే దాని అర్థం, పాత ఎగ్జిమాలోనూ అలా రాయవచ్చు. 'నాన్ స్పెసిఫిక్' అంటే మీకు జబ్బు లేదని కాదు. నాకు మొదటిసారి అది వచ్చినప్పుడు మా బావ "ఏమీ లేదంట, స్వీట్లు పంచు" అన్నాడు!

రిపోర్టు పట్టుకుని గూగుల్లోకి కాదు, ముక్క తీసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. కాగితం మీద ఉన్నదీ ఒంటి మీద ఉన్నదీ కలిపి చూసి చెప్పాల్సింది ఆయనే. రిపోర్టు పైన ఉండే బ్లాకు నంబరు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. మైనపు బ్లాకు ల్యాబులోనే భద్రంగా ఉంటుంది. రేపు విశాఖలో ఇంకొకరి అభిప్రాయం కావాలన్నా, ఏళ్ల తర్వాత మచ్చలు తీరు మార్చుకున్నా, ఆ బ్లాకునో స్లైడునో అడిగి తీసుకెళ్లి మళ్లీ చదివించవచ్చు. నా రెండో రిపోర్టు నంబరు ఇప్పటికీ నా రేషన్ కార్డు కవర్లోనే ఉంది.